దవాఖాన ఊడ్చిన సంగతి

శంకరమ్మా,

నీ సంవత్సరీకం నాడు తాగి, జహీరాబాద్ బస్టాండులో గొడవ చేశాను. పోలీసులు పట్టుకుపోయారు. జడ్జిగారు జైలుకు బదులు మూడు రోజులు సర్కారు దవాఖాన ఊడ్వమన్నారు.

"జైలుకే పంపున్రి సారూ, నేను చీపురు పట్ట," అన్నాను. ఆయన వినలేదు.

ఈరోజు ఆడవాళ్ల వార్డు ఊడ్చాను. నువ్వు పోయిన మంచం మీద ఇప్పుడొక ముసలామె ఉంది.

"ఏం పటేలా, జర మంచం కింద గూడ ఊడ్వు. ఇంట్ల ఎన్నడన్న ఊడ్చినవా?" అని నవ్వింది.

నడుం పట్టేసి నువ్వు నేల మీద కూర్చుని జరుగుతూ ఇల్లు ఊడుస్తుంటే, నేను బీడీ తాగుతూ కాళ్లు పైకెత్తుకున్నాను. ఆ మంచం కిందికి వంగి ఊడ్చాను.

రేపటితో శిక్ష అయిపోతుంది. ఇంట్లో చీపురు ఇంకా నువ్వు పెట్టిన మూలనే ఉంది.