తెడ్డు మార్చని బావ

మంగళవారం, ఏప్రిల్ 9

అక్కకి,

భుజానికి మందు రాసుకుంటూ, పళ్ళు నూరుకుంటూ చెల్లెలు వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నా కుశలం ఆదివారం నది దగ్గరే వదిలేసి వచ్చాను. నీ మడమ బెణుకు తగ్గిందని తలుస్తాను. ఎప్పటిలాగే ఈ ఉత్తరం భోజనాల దగ్గర బావే గొంతు మార్చి చదువుతాడని తెలుసు. చదవనీ, ఇందులో తిట్లన్నీ ఆయనకే.

నీ బదులు నన్ను పంపావు చూడు, ఆ పాపం ఊరికే పోదు. బావ బస్సు డిపోవాళ్ళు ఏటా వసంతంలో చేసే పడవ షికారు హాయిగా ఉంటుందన్నావు. మిగతా పడవల్లోవాళ్ళకి హాయిగానే ఉంది. గట్ల వెంబడి చెట్లన్నీ కొత్త చిగుళ్ళు వేశాయట, పిట్టలు కూశాయట. నాకు కనిపించింది రెల్లు దుబ్బులు మాత్రమే.

పద్ధతి నీకు తెలిసిందే. పడవకి ఇద్దరు, ముందున్నవాళ్ళు ఒకవైపు, వెనకవాళ్ళు రెండోవైపు తెడ్డు వేయాలి. ముందు పడవలోని మెకానిక్ 'మార్చు' అని కేక వేస్తే ఇద్దరూ వైపులు మార్చుకోవాలి. కేక వేశాడు. నేను కుడి నుంచి ఎడమకి మార్చాను. వెనకాల బావ మాత్రం ఎడమవైపే ఉండిపోయాడు. ఇద్దరూ ఒకేవైపు లాగితే పడవ ఏం చేస్తుంది? తిన్నగా వెళ్ళి కుడిగట్టు రెల్లులో దూరింది. ఆ నూగు ఇంకా నా జుట్టులోనే ఉంది.

ఒకసారైతే పొరపాటు అనుకుందును. కేక వేసినప్పుడల్లా ఇదే తంతు. మార్చు బావా అని మొత్తుకున్నాను. డ్రైవరు సీటు ఎప్పుడన్నా పక్కకి జరుగుతుందా మరదలా, కండక్టరువి నువ్వే సర్దుకో అన్నాడు. పక్క పడవలో టికెట్ల గుమస్తా దంపతులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

పైగా గొప్పలొకటి. ఎన్నేళ్ళుగానో అడుగుతున్న కొండదారి బస్సు వచ్చే సోమవారం నుంచి తనకే ఇస్తున్నారని, అందులో బడిపిల్లలే ఎక్కువని గట్టున భోజనాల దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

భోజనాలయ్యాక నేనే వైపు మార్చడం మానేసి, దారి పొడుగునా కుడివైపే లాగాను. రోజంతా మిషను తొక్కి బతికేదాన్ని. ఈ భుజంతో నిన్న ఒక్క యూనిఫారమూ పూర్తిచేయలేకపోయాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆయనతో వేగడం నీవల్లే అవుతుంది. నువ్వడిగిన దిండు గలీబులు కుట్టి దీంతోపాటే పంపుతున్నాను. కుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో నువ్వొక్కదానివే విప్పి చూసుకో.

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని
నీ చెల్లెలు

తా.క. ఇది వేరే కాగితం మీద రాసి గలీబులో పెట్టాను, బావ కంట పడకూడదని. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెట్టి పని చేసుకుంటావు.

అక్కా, బావది మొండితనం కాదు. భోజనాలయ్యాక మళ్ళీ పడవెక్కేటప్పుడు చూశాను. కుడిచేతిని రుమాలుతో తెడ్డు పిడికి కట్టుకుని, పళ్ళతో ముడి బిగిస్తున్నాడు. బొబ్బలెక్కిందేమో అనుకుని రుమాలు లాగేశాను. చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది, తనది కానట్టు. వేళ్ళు ముడవమంటే ముడుచుకోలేదు. వైపు మారిస్తే నీళ్ళు లాగాల్సింది ఆ చెయ్యే మరి. చలికాలం నుంచీ ఇంతేనట. డాక్టరు దగ్గరికి వెళితే ముందు బస్సు దింపేస్తారని భయం. అందుకే వెళ్ళలేదట.

నాకు కోపం ఉత్తరంలో రాసినదానికంటే ఇప్పుడే ఎక్కువగా ఉంది. ఇన్ని నెలలూ అదే చేత్తో బస్సు నడిపాడు. గేరు మార్చేటప్పుడు స్టీరింగ్ మీద ఉండేది ఆ కుడిచెయ్యి ఒక్కటే కదే. ఇప్పుడు కొండదారి, వెనకాల పిల్లలు. నాకు భయంగా ఉంది.

నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి నీకు రాస్తున్నాను. సోమవారంలోపు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేనే చెప్పానని చెప్పు. ఇక జన్మలో నాతో మాట్లాడడేమో. మాట్లాడకపోతే మానె, ఆ బస్సు మాత్రం ఎక్కనీయకు.