నిచ్చెన మీంచి పడే వేషం

ఏలూరు, 1955 ఫిబ్రవరి, శనివారం రాత్రి

ఆ పాత అమెరికా మూగ సినిమా చూడకపోయినా బావుండేది. చర్చి హాల్లో తెల్ల దుప్పటి కట్టి చూపించారు. అందులో హాస్యనటుడు మేడ మీంచి దబ్బున పడి, టోపీ సర్దుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోతాడు. మన నాటకంలో తనూ నిచ్చెన మీంచి అలాగే పడతానని మా హాస్యగాడు వెంకన్న పట్టుబట్టాడు. దర్శకుణ్ణి నేను, సరే అన్నాను.

ఈ సాయంత్రం రిహార్సల్లో పడ్డాడు. చూడవచ్చినవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. వెంకన్న మాత్రం లేవలేదు. గబగబా దగ్గరికి వెళ్ళాను.

"బాగా వచ్చిందాండి మాస్టారూ?" అన్నాడు మెల్లగా.

"ముందు నడుం సంగతి చెప్పవయ్యా."

"అది సర్దుకుంటుందండి. నవ్వారా లేదా?"

ఇంటిదాకా నా భుజం పట్టుకుని నడిచాడు. వాకిట్లో వాళ్ళావిడ నావైపు ఓసారి చూసి, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని లోపలికి తీసుకెళ్ళింది.

సినిమాలో పడినవాణ్ణి అందరం చూశాం. కెమెరా వెనక నించుని పడమన్న దర్శకుడు ఎలాంటివాడో. నటుడు లేచేదాకా ఊపిరి బిగబట్టుకునేవాడో, ఇంకోసారి పడమనేవాడో...

ఎల్లుండే తాడేపల్లిగూడెంలో నాటకం. పొద్దున్నే వెళ్ళి నిచ్చెన వద్దని చెప్పాలి. కానీ మా నాటకానికి జనం అంతలా నవ్వడం ఇదే మొదటిసారి. నొప్పి తగ్గిందండి అని వెంకన్న ఒక్క మాటంటే, సరే అనేస్తానేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.