రెండు రకాల మాత్రల మీద నా భర్త ఇచ్చిన ఫిర్యాదు రద్దు గురించి

మలేరియా అధికారి గారి సముఖమునకు,
చంపాపేట్ కాపురస్తురాలు, అంతయ్య భార్య, కుట్టుపని చేసుకొను అండాలమ్మ వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: మా బస్తీలోని సర్కారు దవాఖాన డాక్టరు వేదవతి గారి మీద నా భర్త పేరిట తమకు అందిన ఫిర్యాదు నిజము కాదనియు, ఆమెను తిరిగి మా బస్తీకే పంపవలెననియు.

1. మణుగూరులో మా అక్క ఇంటికి పోయి వచ్చిన పిమ్మట, సకల జనుల సమ్మె జరుగుచుండగా, నాకు చలిజ్వరము తగిలినది. బస్సులు లేవు. నా భర్త ఆటో నడుపును. ఆ దినము దిల్‌సుఖ్‌నగర్‌లో రాస్తారోకో ఉన్నందున ఆటో తీయలేదు. కావున మా గల్లీ చివర మెడికల్ షాపు పట్టాభి వద్దకు పోతిమి. రక్తపరీక్ష ఏదీ లేకుండానే "మలేరియాలాగే ఉందమ్మా, ఇవి వేసుకో" అని ఒకే రకం మాత్రలు ఇచ్చినాడు. జ్వరము దిగినది. మిషను ముందర కూర్చుంటిని. కొద్ది దినములకే పండ్లు కొట్టుకునేటంత చలితో మళ్లీ వచ్చినది. ఈసారి లేచి నిలబడనియ్యలె.

2. అప్పుడు నా భర్త నన్ను ఎత్తుకొని సర్కారు దవాఖానకు తీసుకపోయినాడు. వేదవతి గారిది కోస్తా. ఎల్‌బీ నగర్‌లో ఉంటారు. బస్సుల్లేని ఆ రోజుల్లో నడిచి వచ్చేవారు. వేలు పొడిచి రక్తము పరీక్షించి, ఇది మెదడుకు ఎక్కగల రకం మలేరియా అన్నారు. తర్వాత అడిగినారు: "సల్ఫా మందు ఎప్పుడైనా పడకపోవడం ఉందా? నెల తప్పారా అమ్మా?"

తప్పిందనే చెప్పిన. మాకు పెండ్లయి చానా ఏండ్లయింది, పిల్లలు లేరు. అప్పటిదాక నా భర్తకు ఈ ముచ్చట చెప్పలేదు. చెప్తే సంబరపడతడు, తర్వాత ఏం లేదని తేలితే ఆ మొఖం నేను చూడలేను. కానీ అతను పక్కనే ఉండి నా జవాబు విన్నడు. నేను వణుకుతుంటే, ఆ మనిషి నవ్వు ఆపుకోలేక గోడ దిక్కు తిరిగిండు.

3. డాక్టరు గారు వెంటనే మందు ఇయ్యలేదు. "కడుపుతో ఉంటే మొదటి నెలల్లో ఇది ఇవ్వను, వేరే మందు ఇవ్వాలి. ముందు చూద్దాం" అని నా భర్తను బయటికి పంపి, ఆ పరీక్షా చేసినారు. లేదని తేలినది. జ్వరానికి నెల వెనుకా ముందూ అవుతుందని నా చెయ్యి పట్టుకొని మెల్లగా చెప్పినారు.

ఆ తర్వాతనే రెండు రకాల మాత్రలున్న ప్యాకెట్ ఇచ్చినారు. "ఒకటి పురుగును త్వరగా చంపుతుంది, కానీ దాని బలం తొందరగా అయిపోతుంది. మిగిలినవాటిని రెండోది పట్టుకుంటుంది. షాపులో ఒక్కటే ఇచ్చారు, అందుకే తిరగబెట్టింది. రెండోది ఈరోజుతో సరి. మొదటిది మూడు రోజులూ వేసుకోవాలి. తగ్గిందని మధ్యలో ఆపకండి. వాంతి అయితే నాకు ఫోన్ చేయండి" అన్నారు.

4. ఇంటికి వచ్చినంక నా భర్త ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకొని కూర్చున్నడు.

"జ్వరం ఒక్కటే గదనే. మందు రెండు రకాలెందుకు?"

"రెండూ కలిస్తెనే పనిజేస్తదట."

"మనం రోడ్ల మీద కొట్లాడుతున్నం. ఆమె మనకు మంచి జేస్తదా?"

"తెలంగాణ నాకు గూడ గావాలె. గది కండ్లజూడాలంటే నేను బతకాలె గద. నీళ్లు దే."

తెచ్చిండు. చెప్పిన ప్రకారము మందు పూర్తిగా వాడితిని. జ్వరము పోయినది. మళ్లీ పరీక్షిస్తే రక్తములో పురుగు లేదన్నారు. ఆ వారంలోనే నేను బయట చేరిన. నా భర్త గడపల కూలబడి, "మాత్రలతోనే పోయింది" అన్నడు. కడుపే లేకుండె అంటే ఇనలె. ఎన్ని తీర్ల చెప్పినా ఇనలె.

5. ఆ పిమ్మట తమకు ఫిర్యాదు అందినది. అందులో "గర్భవిచ్ఛిత్తికర ఔషధ ప్రయోగము" అని ఉన్నదట. నా భర్తకు ఆ మాట పలుకుడే రాదు. సంతకం అతనిదే అయినా, రాసింది పట్టాభి అని నా అనుమానము. పరీక్ష లేకుండ ఆ ఒంటి మాత్ర అమ్మొద్దని డాక్టరమ్మ పోయి చెప్పివచ్చినంకనే ఇది పుట్టింది. పట్టాభిదీ కోస్తానే. గది ఎవ్వరూ అడగలె.

విచారణ అని వచ్చిన సారు నన్ను జ్వరం సంగతి అడగలేదు, మాత్రల సంగతీ అడగలేదు. "ఆమెది ఏ జిల్లా?" అని మాత్రం అడిగినారు. పట్టాభి షాపు ముందర చాయ్ తాగి పోయినారు. ఆయనను తమరే పంపినారో, తమ పేరు చెప్పుకొని వచ్చినారో నాకు తెల్వది. అందువలన ఈ కాగితము ఎవరి చేతికీ ఇయ్యక నేనే తెస్తున్నాను. అందినట్టు దస్కతు పెట్టకుండ తీసుకుంటే ఊరుకోను.

6. వేదవతి గారిని వేరే చోటికి పంపినారు. దవాఖానకు తాళము. మొన్న మా పక్కింటి సైదమ్మకు చలిజ్వరము వస్తే పట్టాభి మళ్లీ అదే ఒంటి మాత్ర చేతిలో పెట్టినాడు. అది గుంజుకొని, ఆమెను తెచ్చి ఆటోలో కూర్చోబెట్టిన. నా భర్త పెద్ద దవాఖానకు నడిపిండు. అక్కడ రక్తం చూసి, అవే ప్రశ్నలు అడిగి, అదే రెండు రకాల ప్యాకెట్ ఇచ్చిండ్రు. ఇచ్చిన డాక్టరుది ఏ ఊరని నా భర్త అడిగిండు. సూర్యాపేట అన్నడు. వచ్చినంక సైదమ్మ మాత్రలకు నీళ్లు నా భర్తనే తెచ్చిండు. సైదమ్మ ఇప్పుడు లేచి తిరుగుతున్నది.

కావున ఫిర్యాదు కొట్టివేసి, వేదవతి గారిని మా బస్తీకి తిరిగి పంపి, పట్టాభి ఏ మందు అమ్ముతున్నాడో తమరే స్వయముగా వచ్చి చూడగలందులకు కోరుచు, ఈ సంగతులన్నియు తమ చిత్తమునకు విన్నవించుకొంటిని.

ఇట్లు,
తమరిని ఇంకా నమ్మాలనుకుంటున్న,
అండాలమ్మ

మళ్లీ రాయునది: దీన్ని నా భర్తకు చదివి వినిపించిన. ఫిర్యాదు వద్దని కింద సంతకం పెడతనన్నడు, గానీ కడుపు లేకుండె అన్న మాట కొట్టెయ్యమన్నడు. కొట్టెయ్యనన్న. ఆఖరుకు, ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా నిజమే అని రాయమన్నడు. రాస్తున్న. కింద ఉన్న సంతకం అతనిదే. ఆ మాట గురించి తమరు అతన్ని ఏమీ అడగకండ్రి. డాక్టరమ్మను పంపండ్రి.