తెడ్లు వదిలేసిన మధ్యాహ్నం

అమ్మకు,

నీ పెద్దది పెట్టే నమస్కారాలు. ఇక్కడ నేను, నా పొయ్యి, ఈ సరస్సు ముగ్గురం క్షేమం. అక్కడ నీ మోకాళ్లతో సహా అందరూ క్షేమమని తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. సన్నబడలేదు, నీ కళ్లకు నేనెప్పుడూ సన్నమే. కరెంటు లేకుండా ఎలా అన్నావు. కప్పు మీది సోలార్ పలకలకు ఎండ తగిలితే రెండు దీపాలు వెలుగుతాయి, మబ్బు పడితే అవీ లేవు. ఫోను పలకదు. ఈ అడవి విడిదికి జనం వచ్చేదే ఆ నిశ్శబ్దం కోసం. వాళ్ల నిశ్శబ్దానికి నీళ్లు మోసేదీ, పొయ్యి రాజేసేదీ, దుప్పట్లు ఉతికేదీ నేను. తోడెవరన్నావు. పడవ నడిపే పెద్దాయన ఉన్నాడు. అందరూ గొణుగుడు మామ అంటారు. గాలినీ, మోటారునీ, నా వంటనూ ఒకేలా తిట్టుకుంటాడు. మనసు మాత్రం వెన్న.

పోయిన వారం, ఈ ఏటికి చివరి అతిథులను అవతలి ఒడ్డుకు చేర్చి వచ్చి మామ కట్టెలు కొడుతుంటే, గొడ్డలి జారి పిక్కలో దిగింది. తీగ మీద ఆరేసిన దుప్పటి లాగి, చింపి, బిగించి కట్టాను.

"ఇప్పుడేగా ఉతికావు, పాతది దొరకలేదా?" అన్నాడు పాలిపోయిన మొహంతో.

మబ్బుకి బ్యాటరీ దిగిపోయి, ఒడ్డుకు కబురు పెట్టే వైర్‌లెస్ పలకలేదు. పెద్ద పడవ మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మామను చిన్న పడవలో పడుకోబెట్టి తెడ్లు పట్టుకున్నాను. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది.

ఇది నీకు రాయకూడదనుకున్నాను. సగం దూరం వెళ్లాక తెడ్లు వదిలేశాను. చావాలని కాదమ్మా, ఒట్టు. ఇక ఒక్క పని కూడా నా వల్ల కాదనిపించింది. కట్టు తడిసి నెత్తురు పడవ అడుగున చేరుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

"అలిసిపోయావా అమ్మాయ్?" అన్నాడు మామ.

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నువ్వు నొచ్చుకోకు, ఇంట్లో ఎవరికీ ఆ సందు నేనే ఇవ్వలేదు.

"అవును మామా" అన్నాను. ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడువు, ఏం కాదు. ఏడుస్తూనే లాగు. నాకు చలేస్తోంది."

ఏడుస్తూనే లాగాను.

కాలు దక్కింది. నిన్న చూడబోతే, మంచం గట్టిగా ఉందని నర్సు మీద గొణుగుతున్నాడు. "నువ్వింకా ఇంటికి పోలేదా?" అని నన్నూ కసిరాడు. యజమాని వచ్చే ఏడూ ఉండమన్నాడు. ఉండనన్నాను. ఎందుకని అడిగితే, సాకులు వెతక్కుండా, అలిసిపోయానన్నాను.

త్వరలో బయలుదేరుతున్నాను. రాగానే సంబంధాల మాట, ఉద్యోగం మాట ఎత్తకు. చెల్లి పనులకూ నన్ను పిలవకు, కొన్నాళ్లు. లోపలి గదిలో పక్క వేసి ఉంచు. నా అంతట నేను లేచేదాకా ఎవరినీ లేపనివ్వకు.

ఇట్లు,
నీ పెద్దది