ఇద్దరికి ఇచ్చిన ఒకే సాయంత్రం

ఎస్తేరూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. చర్చిలో నీ కోసం ప్రార్థన జరిగింది. నేను వెళ్లలేదు. నీతో తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది.

మనమిద్దరం కలిసి పెట్టిన కాఫీ షెడ్డులో, నిన్న కోసిన పళ్లు బస్తాల్లోనే పులిసిపోయాయి. కోసిన రోజే తొక్క తీయాలని నీకు తెలియనిది కాదు. సాయంత్రానికి యంత్రం దగ్గర ఒక్క మనిషీ లేదు. మన ఆడవాళ్లంతా కొత్త రిసార్టులో, టూరిస్టుల ముందు థింసా నృత్యం ఆడడానికి వెళ్లారు.

ఈ ఉదయం వాళ్లలో ఒకతె, సుక్రిని నిలదీశాను. "కోతల్లో షెడ్డు పనే ముందని ఎస్తేరు మీకు చెప్పలేదా?"

"ఏటి టీచరమ్మా, కొత్తగా అడుగుతన్నావు? కోతలైనా సరే, సాయంత్రం ఆటకి పంపుతానని రిసార్టు కడతన్నప్పుడే మాటిచ్చింది ఆయమ్మ. టీచరమ్మకి నేను సెప్పేసాన్లే అంది. మేమేటి సేస్తాం, రెండు ముక్కలైపోతామా?"

నాకు నువ్వు చెప్పింది అది కాదు. "ఏ ఏడైనా కోతలయ్యేదాకా షెడ్డు ఆడవాళ్లు మనవాళ్లే" అని ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని అన్నావు.

సుక్రి వాళ్లకు ఆ ఆట ఇష్టం, అవసరం కూడా. నన్ను అడిగి ఉంటే కోత పొద్దున్నే ముగించి, మధ్యాహ్నమే తొక్క తీయించేదాన్ని. ఒక్క మాట అడగడానికైనా నేను తగనని ఎలా అనుకున్నావు?

రేపటి నుంచి అలాగే చేయిస్తాను. వాళ్లకు నువ్విచ్చిన మాట నేను నిలబెడతాను. నాకిచ్చిన మాట ఎవరు నిలబెట్టాలి, ఎస్తేరూ?

సావిత్రి