నూట నలభై మూడో పేరు

వునిమోలి, లబాసా దగ్గర,
ఫిజీ.
1911 ఏప్రిల్ 23, ఆదివారం.

అమ్మకి, సముద్రం ఇవతలి నుంచి చెంచురామయ్య వంగి పాదాలు తాకి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, చెల్లి కౌశల్యా, కొత్తగా ఈనిన ఆవూ క్షేమమని తలుస్తాను.

కౌశల్యా, చదివేది నువ్వే కనక ముందు నీకొక మాట. మొదటి రెండు కాగితాలూ ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని గట్టిగా చదువు. కొడుకు కబురు కోసం పక్కింటి మునియమ్మత్త వస్తుంది కదా, ఆమెనూ విననీ. మూడో కాగితాన్ని మడిచి అన్నం మెతుకుతో అంటించాను. అది లోపలికి వెళ్ళి అమ్మ ఒక్కదానికే చదువు. ఈసారి కవరులో ఆమె కొడుకు సామి ఉత్తరం లేదు. అత్త అడిగితే, అమ్మ చెబుతుందని చెప్పు.

అమ్మా, పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. ఆ దేశం ఎట్లా ఉంటుంది, అది ఎవరిది, మనవాళ్ళు ఎంతమంది, ఇంకా ఆ కరపత్రాలు చదివి జనంతో కొట్లాడుతున్నావా అని. చివరిదానికే ముందు జవాబు. చదువుతున్నాను, కొట్లాడుతున్నాను. ఓడలో తెచ్చుకున్న తొమ్మిది కరపత్రాలూ మడతల దగ్గర చిరిగిపోయాయి. చిరిగిన చోట ఏముండేదో నాకు నోటికి వచ్చు కనక నష్టం లేదు.

ఇక దేశం సంగతి. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు. మధ్యాహ్నం చెరకు తోటలో నిలబడితే నా నీడ దక్షిణానికి పడుతుంది. మొదటి ఏడాది ఆ నీడను చూసి దారి తప్పాను. మనకు రోహిణి ఎండలు కాసే రోజుల్లో వీళ్ళకు చలి. మా జిల్లా పేరు మథువాతా. ఉత్తరాన సముద్రం, దక్షిణాన అడ్డంగా కొండల వరస. ఆ వరస దగ్గర మా జిల్లా ఆగిపోతుంది. అవతల ఇంకో జిల్లా, సావుసావు రేవు, కొబ్బరి తోటలు ఉన్నాయంటారు. అంటారు అని ఎందుకు రాశానంటే, మా లైన్లలో దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. లైన్లంటే మేముండే వరస గదులు. చీటీ లేకుండా తోట సరిహద్దు దాటితే జైలు. కొండ అవతలి ఊరి పేరు తెలిసీ దాని రంగు తెలియకుండా బతకడం నాకు ఎంత మంటగా ఉంటుందో నీకు తెలుసు.

తోటకు ఒక పక్క సరిహద్దు ఒక ఏరు. అవతలి ఒడ్డు కాయ్‌వీటీలది, అంటే ఇక్కడ పుట్టిన జాతివాళ్ళది. వాళ్ళలో ఇలియేసా అనే ముసలాయనతో నాకు పరిచయమైంది. ఎట్లా అయిందో తర్వాత రాస్తాను. కొబ్బరి చిప్పలో యాంగోనా అనే వేరు కలిపిన నీళ్ళు పోసి ఇస్తాడు. తాగితే నాలుక మొద్దుబారుతుంది. వునిమోలి అంటే వాళ్ళ భాషలో నారింజ చెట్టట. పదిహేడేళ్ళ కిందట లబాసాలో మిల్లు పెట్టాక ఏటి పొడవునా చెరకే అయిందట. ఒకరోజు నా చరిత్ర ప్రశ్నలకు విసుగెత్తి, వచ్చీరాని హిందుస్తానీలో అన్నాడు:

"నేల మాది. చెరకు తెల్లవాడిది. మరి నువ్వు ఎవడివి?"

నాకు కోపం వచ్చింది. ఆయన నవ్వి ఇంకో చిప్ప పోశాడు.

మనవాళ్ళ లెక్క చెబుతాను. ఈ నెల రెండో తేదీన దేశమంతటా తలల లెక్క జరిగింది. మా లైన్లకు ఒక గుమస్తా వచ్చాడు. తెలుగు, అరవం, హిందుస్తానీ మూడూ తెలిసినవాణ్ణని పేర్లు రాయడం నాకు అప్పగించాడు. గదిగదికీ తిరిగాను. పుట్టిన చోటు అనే గడిలో అందరికీ ఇండియా అని ఒక్క మాట రాయాలట. నేను ఊళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాను.

"ఊరెవడు అడిగాడయ్యా?" అన్నాడు గుమస్తా.

"అడగాల్సింది. ఇండియాలో ఎవడూ పుట్టడు, ఊళ్ళో పుడతాడు."

అతను కాగితం లాక్కున్నాడు. అప్పుడు నా సొంత పుస్తకంలో రాసుకున్నాను. ఊరేదని అడగగానే జనం ముఖాలు ఎట్లా మారాయో చూడాల్సింది అమ్మా! చెరకు నరకడమే తప్ప నోరు విప్పని గంగవ్వ, కావలి దగ్గర తన ఊళ్ళో బావులు ఎన్నో, ఏది ఉప్పో ఏది తీపో వరసగా చెప్పింది.

మగవాళ్ళు ఎనభై నాలుగు, ఆడవాళ్ళు ముప్పై ఆరు, పిల్లలు ఇరవై రెండు. మొత్తం నూట నలభై రెండు తలలు. అందులో తెలుగువాళ్ళం ముప్పై ఏడుగురం. కానీ నా జాబితాలో మాత్రం నూట నలభై మూడు పేర్లు వచ్చాయి. తలలు మూడుసార్లు లెక్కపెట్టాం. ఒక పేరు ఎక్కువే. లెక్కపెట్టడం రాదని గుమస్తా మీద అరిచాను కూడా.

ఇక మూడో కాగితం.

అమ్మా, ఆ ఎక్కువైన పేరు సామిది.

సామి పోయి పద్నాలుగు నెలలైంది.

మేం రోజూ తవ్వాల్సిన నేలను గొలుసుతో కొలిచి ఇస్తారు. ఆ గొలుసు చట్టంలో ఉన్నదాని కంటే పొడుగని నేను కనిపెట్టాను. అర్జీ రాశాను. లబాసాలో మెజిస్ట్రేటు చేతికే ఇవ్వాలన్నాను. మూడు రోజులుగా వాన. ఏరు దాటాలి. నాకు ఈత రాదని నీకు తెలుసు.

"నీళ్ళు తగ్గనీరా చెంచూ, గొలుసు యాడికి పోద్ది?" అన్నాడు సామి.

నేను అందరి ముందూ అన్నాను: "పెన్నలో ఈదినానని గొప్పలు చెప్పే మొగోడివి, ఈ పిల్లకాలవకి జడిసినావా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నన్నొక బూతు తిట్టి, అర్జీని తలపాగాలో చుట్టుకుని దిగాడు. ఏటి నడుమ దాకా తలపాగా కనిపించింది.

మూడో రోజున, ఏటి దిగువన ఇలియేసా వాళ్ళకు దొరికాడు. తమ చాపలో చుట్టి, అవతలి ఒడ్డునే పాతిపెట్టారు. ఆ ముసలాయనతో పరిచయం అట్లా అయింది. అర్జీ తలపాగాలోనే ఉంది. ఒక్క అక్షరం మిగల్లేదు. గొలుసు ఇప్పటికీ అంతే పొడుగుంది.

వాడు పోయిన కబురుతో ఆఫీసు కాగితం మీకు చేరుతుందనుకున్నాను. చేరలేదు. దాని బదులు అత్త ఉత్తరం వచ్చింది, కాలి పుండు తగ్గిందా నాయనా అని. ఎప్పుడూ వాడు చెబితే రాసేది నేనే కదా. తగ్గిందమ్మా అని రాశాను. ఆ ఒక్క మాట రాయడమే కష్టమైంది. తర్వాత నాలుగు ఉత్తరాలు సులువుగానే రాశాను.

లెక్క రోజున ముందు మా గది పేర్లు రాసుకున్నాను. భగవాన్, నేను, సామి. నా చెయ్యి ఆగలేదు. తర్వాత గుమస్తా అందరినీ నిలబెట్టి, పేర్లు చదవమన్నాడు. ఒక్కొక్కరే పలికారు. సామి అని చదివాను. ఎవరూ పలకలేదు.

"ఎవడీ సామి? పారిపోయాడా?"

గంగవ్వ అంది: "పారిపోయే రకం కాదయ్యా. ఈడే పంపించాడు."

గుమస్తా కలం నా చేతికిచ్చాడు. నేనే కొట్టేశాను.

మొన్న వచ్చిన ఉత్తరంలో అత్త అడిగింది కదా: "నీ ఉత్తరాలు ఈ మధ్య పుస్తకం మాదిరి ఉండాయి. ముందు మాదిరి ఒక్క బూతన్నా తిట్టవేందిరా?" ఆమెకు తెలిసిపోతున్నదమ్మా. ఇంక దాచలేను. నువ్వు వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పు. ఏరు ముంచిందని మాత్రమే చెప్పవద్దు. నేనన్న మాట కూడా చెప్పు, ఉన్నదున్నట్టు.

నా గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, వచ్చే ఏడు తీరుతుంది. అత్త రమ్మంటేనే ఓడ ఎక్కుతాను. లేదంటే ఇక్కడే, వాడున్న ఏటి దగ్గరే ఉంటాను.

కౌశల్యా, ఆమె నన్ను తిడుతుంది. అదంతా రాసి పంపు. నీకు దిద్దే అలవాటుంది. ఒక్క తిట్టూ దిద్దకు. అవతలి ఒడ్డుకు వెళ్ళి, వాడికి గట్టిగా చదివి వినిపించాలి.

ఇట్లు,
ఈత రాని నీ కొడుకు,
చెంచురామయ్య