తిరిగిరాని ల్యాంపు

గోదావరిఖని

రఘుపతి బావకు,

ఇక్కడ అందరం క్షేమమని ఈసారి రాయలేను.

నిన్న మొదటి షిఫ్టు అయిపోగానే మీరు రాసిన కంప్యూటర్ స్క్రిప్టు, గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చి పైకొచ్చాక తిరిగి తీసుకునే మా ల్యాంపు రూము సర్వర్‌ను "ల్యాంపులన్నీ తిరిగొచ్చాయా?" అని అడిగింది. సర్వర్ నుంచి జవాబే రాలేదు. అయినా మీ స్క్రిప్టు "అందరూ పైకొచ్చారు" అని ఆఫీసుకు పంపేసింది. బుచ్చన్న కాక మాత్రం గనిలో కాలు విరిగి మూడు గంటలు అక్కడే పడి ఉన్నాడు.

ల్యాంపు రాకపోతే మనిషిని వెతకడానికి దిగుతామని మీకు ముందే చెప్పాను. "గదంత నేను సూసుకుంట, ఫికర్ చెయ్యకు" అన్నారు.

దవాఖానలో కాక నన్నే అడిగాడు: "నా ల్యాంపు రాలేదని ఎవ్వలు సూడలేదా, బిడ్డా?"

ఆయనకేం చెప్పాలో రాయండి. మీ జవాబు రాకపోతే క్షేమంగా ఉన్నారని అనుకోను. వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తాను.

మీ బావమరిది